బ్రాందీ సీసాలో పండు ఎక్కడుంది?

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఏ ఊళ్ళో అడిగినా మద్యం కొట్టుకి జనం నోట్లో ఉన్న పేరు బ్రాందీ షాపే. లోపల విస్కీ, రమ్ము, బీరు ఎన్ని రకాలున్నా పిలుపు మాత్రం బ్రాందీ పేరుతోనే. దేశం మొత్తమ్మీద బ్రాందీకి పెద్ద మార్కెట్ దక్షిణాది రాష్ట్రాలు. ఇంతగా తాగే చోట బ్రాందీ రుచి ఎలా ఉంటుందన్న మాట మాత్రం దాదాపు వినపడదు. రేటు, కిక్కు, మర్నాటి తలనొప్పి గురించే మాట్లాడుకుంటారు.

తాగేవాళ్ళకి అభిరుచి లేకపోవడమే దీనికి కారణమని తేల్చేయడం అన్యాయం. చేపల పులుసులో మామిడికాయ పులుపు చాలలేదని మొదటి ముద్దకే పసిగట్టే నాలుకలివి. చిక్కు సీసాలోనే ఉంది. బ్రాందీని ఆస్వాదించడమంటే అది ఏ పండు నుంచి వచ్చిందో, బట్టీలో ఎలా దిగిందో, చెక్కపీపాలో ఎన్నేళ్ళు గడిపిందో ముక్కుతో ఆరా తీయడం. మన కొట్లలో ఎక్కువగా అమ్ముడుపోయే సీసాలో ఆ ఆరాకి జవాబు చెప్పేదేమీ ఉండదు.

మడ్డి నుంచి వచ్చిన బ్రాందీ

ద్రాక్షరసాన్ని పులియబెట్టి వైన్ చేసి, ఆ వైన్‌ని బట్టీలో కాచి దించితే వచ్చేది బ్రాందీ. ద్రాక్షకి బదులు ఆపిల్, ప్లమ్, చెర్రీ, పియర్ లాంటి పండ్లని ఇదే దారిలో నడిపిస్తే వచ్చేవి పండ్ల సారాలు. మాట మొరటుగా అనిపించినా ఫ్రాన్సు వాళ్ళ పేరున్న బ్రాందీ కొన్యాక్ కూడా సారాయే. బెల్లం ఊటకి బదులు వైన్, మట్టికుండకి బదులు రాగి బట్టీ, అంతే.

మన దగ్గర బ్రాందీ పేరుతో వచ్చేదాని పుట్టుక వేరు. చక్కెర మిల్లులో చక్కెర తీసేశాక మిగిలే మడ్డి, అంటే మొలాసిస్, లేదా నూకల్లాంటి ధాన్యం దాని ముడిసరుకు. దాన్ని పులియబెట్టి, పొడవాటి స్తంభాల్లో మళ్ళీ మళ్ళీ ఆవిరి చేసి, ఆల్కహాల్ బలాన్ని 96 శాతం దాకా తీసుకెళ్తారు. ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్ అనేది దీన్నే. ఆ స్థాయికి వచ్చేసరికి అది చెరకుదో బియ్యానిదో ముక్కు చెప్పలేదు. దానికి నీళ్ళు కలిపి, కారమెల్‌తో రంగు తెచ్చి, వాసన కోసం ఫ్లేవర్ వేసి, కొద్ది శాతం ద్రాక్ష బ్రాందీ కలిపితే ఇండియన్ బ్రాందీ అనిపించుకోవడానికి సరిపోతుంది. నియమాలు దీన్ని అనుమతిస్తాయి కాబట్టి ఇందులో మోసం అంటూ లేదు. కాకపోతే కొనేవాడికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

లేబుల్ మీద కనిపించే 42.8 శాతానికి కూడా ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ కొలతలో 57.15 శాతం ఆల్కహాల్ నూరు ప్రూఫ్. అందులో 75 వంతులు లెక్కిస్తే 42.8 వస్తుంది. సీసాల మీద 75 డిగ్రీల ప్రూఫ్ అనీ, 25 అండర్ ప్రూఫ్ అనీ రాసేది ఈ లెక్కనే. ఫ్రాన్సులో కొన్యాక్ కనీస బలం 40 శాతం. ఎంత ఘాటు అన్న విషయంలో రెండు సీసాలకీ పెద్ద తేడా లేదు. మిగిలిన 57 శాతంలో నీళ్ళతో పాటు ఏమేం కరిగి ఉన్నాయన్న దగ్గరే తేడా అంతా.

ఇలాంటి బ్రాందీని సోడాతోనో, చల్లటి నీళ్ళతోనో, ఉడకబెట్టిన పల్లీలు నంజుకుంటూనో తాగేవాళ్ళని వెక్కిరించాల్సిన పని లేదు. అందులో పోగొట్టుకోవడానికి పండు వాసన ఏదీ లేదు. అయినా రుచి పట్టింపు జనంలో బతికే ఉందనడానికి ఈ మధ్యే సాక్ష్యం దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 దాకా మద్యం ప్రభుత్వ దుకాణాల్లో అమ్మిన కాలంలో అలవాటైన బ్రాండ్లు చాలావరకు కనుమరుగై, పేరెన్నడూ వినని లేబుళ్ళు వచ్చాయి. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి తెరుచుకునేదాకా జనం చేసిన ఫిర్యాదుల్లో ధర ఒక భాగమైతే, గొంతు మంట, ఘాటు వాసన, నోట్లో మిగిలే చేదు మరో భాగం. పేరు ఏదైనా పెట్టండి, అది రుచి పరీక్షే.

సారా అన్న మాట ఈ ప్రాంతంలో తేలిగ్గా వాడే మాట కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యత కార్యక్రమంలో పలక పట్టిన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు దూబగుంటలో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వాళ్ళకి ముందు నిలిచిన రోశమ్మ పేరు అక్కణ్ణుంచే రాష్ట్రమంతటికీ తెలిసింది. 1992 కల్లా ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాపై నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ఆ ఆడవాళ్ళు అడిగింది కూలి డబ్బు ఇంటికి చేరడం గురించి, రాత్రిపూట ఇంట్లో దెబ్బలు లేకపోవడం గురించి. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఈ రెండూ జరిగిన చోట మంచి బ్రాందీ గురించి రాస్తూ మోతాదు ఊసెత్తకపోవడం బాధ్యత అనిపించుకోదు. ఆరోగ్యానికి ఏ హానీ చేయని మోతాదంటూ ఆల్కహాల్‌కి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. జలుబుకీ, బాలింతలకీ బ్రాందీ మందన్న నమ్మకం ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. ఆల్కహాల్ చర్మం కింది రక్తనాళాలని వెడల్పు చేస్తుంది కాబట్టి ఒళ్ళు వెచ్చబడ్డట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంది. రుచి చూసేవాడికి కావలసింది 20 మిల్లీలీటర్లు. క్వార్టర్ సీసాలో తొమ్మిదో వంతు. అంతకు మించితే ముక్కు మొద్దుబారుతుంది, పరీక్ష అక్కడితో ముగిసినట్టే.

బట్టీలో జరిగేది

కొన్యాక్ ఫ్రాన్సు పడమటి వైపు షరాంత్ నది ప్రాంతానిది. అక్కడ ఎక్కువగా వాడే ద్రాక్ష ఉని బ్లాంక్. దాంతో చేసిన వైన్ పల్చగా, పుల్లగా ఉంటుంది. ఆల్కహాల్ 9 శాతం చుట్టుపక్కల. భోజనంతో తాగడానికి ఎవరూ ముచ్చటపడని వైన్ అది. బట్టీకి మాత్రం అదే కావాలి. పులుపు ఎక్కువైతే వైన్ చెడిపోకుండా నిలుస్తుంది, గంధకపు మందులు కలపనక్కర్లేదు. ఆల్కహాల్ తక్కువైతే అదే బలానికి తేవడానికి ఎక్కువ వైన్ కాచాలి, దాంతో ద్రాక్ష వాసన ఎక్కువగా చిక్కబడుతుంది. లీటరు సారా దించడానికి దాదాపు తొమ్మిది లీటర్ల వైన్ పడుతుంది. కోత అయ్యాక వచ్చే మార్చి 31 లోపు ఈ కాపంతా ముగించాలన్నది అక్కడి చట్టం.

కాపు రెండుసార్లు. రాగి బట్టీలో, నేరుగా మంట మీద. మొదటి కాపులో 30 శాతం చుట్టూ ఉండే మబ్బు రంగు ద్రవం దిగుతుంది. దాన్నే మళ్ళీ బట్టీలో పోసి కాస్తే 70 శాతం దాకా బలం ఉన్న సారా వస్తుంది. రాగి అలంకారం కోసం పెట్టింది కాదు. కుళ్ళు వాసన తెచ్చే గంధకపు పదార్థాలని అది పట్టేసుకుంటుంది.

70కీ 96కీ మధ్య ఉన్న ఆ దూరంలోనే బ్రాందీ రుచంతా ఉంది. 96 దాకా తీసుకెళ్ళినప్పుడు ఆల్కహాల్, నీళ్ళు తప్ప ఏమీ మిగలవు. 70 దగ్గర ఆపినప్పుడు ఆవిరితో పాటు ఎస్టర్లు, టెర్పీన్లు అనే వాసన పదార్థాలు, కొవ్వు ఆమ్లాల సంతతి ఎన్నో దాటి వస్తాయి. వాటి బరువు లెక్కగడితే చాలా తక్కువ. ముక్కుకి మాత్రం అవే సర్వస్వం. ఫ్రాన్సు నైరుతిన గాస్కనీలో చేసే బ్రాందీ ఆర్మాన్యాక్ ఈ విషయంలో ఇంకో అడుగు ముందుకెళ్తుంది. ఎక్కువమంది అక్కడ ఒకేసారి కాస్తారు, బలం 52 నుంచి 60 శాతం మధ్య ఆగుతుంది. అందుకే కుర్ర ఆర్మాన్యాక్ మొరటుగా, బరువుగా ఉంటుంది. మచ్చికయ్యేందుకు ఏళ్ళు పడుతుంది. ఓపిక ఉన్నవాళ్ళకి కొన్యాక్ కన్నా ఆర్మాన్యాక్ ఎక్కువ ఇస్తుందన్నది ఈ వ్యాసం అభిప్రాయం. పేరు తక్కువ కావడం వల్ల అదే వయసుకి ధర కూడా తరచూ తక్కువే ఉంటుంది.

బట్టీ దగ్గర కూర్చున్నవాడి పనితనం ఎక్కడ కోయాలో తెలియడంలో ఉంటుంది. రెండో కాపులో మొదట దిగేదాన్ని తల అనీ, నడిమిదాన్ని గుండె అనీ, ఆఖరిదాన్ని తోక అనీ అంటారు. తలలో అసిటాల్డిహైడ్, ఇథైల్ అసిటేట్ ఎక్కువ. గోళ్ళరంగు తుడిచే ద్రవం వాసన తెచ్చేవి అవే. తోకలో తడిసిన గోనెసంచి, మాడిన నూనె గుర్తుకొచ్చే వాసనలు. పీపాలోకి వెళ్ళేది గుండె మాత్రమే. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే గోళ్ళరంగు వాసన కొడితే తలని సరిగ్గా తీయలేదని అర్థం. మింగాక నోట్లో తడి అట్టముక్క రుచి మిగిలితే తోక ఎక్కువైందని అర్థం. ధరతో, లేబుల్‌తో సంబంధం లేకుండా ఎవరైనా పట్టుకోగలిగిన తప్పులివి.

మిథనాల్ గురించి ఒక మాట. పండు తొక్కలోనూ గుజ్జులోనూ ఉండే పెక్టిన్ విరిగినప్పుడు కొద్దిగా మిథనాల్ పుడుతుంది. అది తలలోనే పోతుందనేది అపోహ, గుండెలోకి కూడా కొంత వస్తుంది. అందుకే ఐరోపాలో పండ్ల సారాలకి దాని మీద పరిమితి పెట్టారు. కల్తీ మద్యం తాగి జనం కుప్పకూలే సంఘటనల్లో విలన్ పండు కాదు, పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ని తెచ్చి కలపడం. దొంగచాటు బట్టీలో ఏది కలిపారో, ఎక్కడ కోశారో తాగేవాడికి తెలిసే దారే లేదు.

పొగాకు బ్యారన్‌కీ కొన్యాక్ పీపాకీ చుట్టరికం

బట్టీ నుంచి దిగిన కొన్యాక్‌కి రంగుండదు. లిమూజాన్, ట్రాన్సే అడవుల ఓక్ చెక్కతో చేసిన పీపాలో కనీసం రెండేళ్ళు ఉన్నాకే దానికి కొన్యాక్ పేరు దక్కుతుంది. సీసాలో కలిపిన సారాల్లో అన్నిటికన్నా చిన్నదాని కనీస వయసుని లేబుల్ మీది అక్షరాలు చెప్తాయి: వి.ఎస్.కి రెండేళ్ళు, వి.ఎస్.ఒ.పి.కి నాలుగేళ్ళు. ఎక్స్.ఒ.కి ఒకప్పుడు ఆరు, 2018 ఏప్రిల్ నుంచి పదేళ్ళు. ఈ హామీ కొన్యాక్‌కే. ఇవే అక్షరాలు వేరే దేశపు బ్రాందీ మీద కనిపిస్తే అదే వయసు ఉంటుందని అనుకోకూడదు.

పీపా చెక్కని చేసేటప్పుడే లోపల మంటతో కాలుస్తారు. ఆ వేడికి చెక్కలోని లిగ్నిన్ విరిగి, వెనిల్లా వాసననిచ్చే వెనిల్లిన్ పుడుతుంది. ఓక్ లాక్టోన్లు కొబ్బరి వాసన ఇస్తాయి. యూజెనాల్ లవంగపు వాసన. ఇవి తేలిగ్గా పట్టుబడే వాసనలు, కృత్రిమంగా కలపడానికి కూడా తేలికైనవి. అందుకే గ్లాసులో మొదట వెనిల్లా ఒక్కటే గుప్పున కొట్టి, పది నిమిషాల తర్వాత ఏమీ మిగలకపోతే అనుమానించాలి. పీపాలో నిజంగా ఏళ్ళు గడిపిన సారాలో వాసన మారుతూ పోతుంది.

ఆ మార్పులో ఒక దశ ఒంగోలు, కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు వాళ్ళకి చెప్పకుండానే తెలియాలి. పాత కొన్యాక్ గురించి రాసేవాళ్ళు తరచూ పొగాకు వాసన అంటారు. ఇది కవిత్వం కోసం అన్న మాట కాదు, దీని వెనక రసాయనం ఉంది. బ్యారన్‌లో, అంటే పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టంలో, పచ్చటి వర్జీనియా ఆకు పసుపు తిరిగేటప్పుడు ఆకులోని కెరోటినాయిడ్లనే పసుపు రంగు పదార్థాలు విరుగుతాయి. వాటి ముక్కల్లోంచి డమాసినోన్, మెగాస్టిగ్మాట్రైనోన్ లాంటి పదార్థాలు పుడతాయి. బాగా మాగిన ఆకుకి ఉండే ఎండుపండు, తేనె, ఎండుగడ్డి కలిసిన వాసనలో వీటికి పెద్ద వాటా ఉంది. ద్రాక్షలోనూ కెరోటినాయిడ్లున్నాయి, ఓక్ చెక్కలోనూ ఉన్నాయి. వైన్ పులిసి, బట్టీలో కాగి, పీపాలో మాగే క్రమంలో అదే కుటుంబానికి చెందిన పదార్థాలు కొన్యాక్‌లోకీ వస్తాయి. వేలం కేంద్రంలో బేలు విప్పి, ఒక ఆకు లాగి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని గ్రేడు చెప్పే మనిషి, పారిస్‌లో కొన్యాక్ పరీక్షించే మనిషి వెతికేవాటిలో కొన్ని పదార్థాలు ఒకటే. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నట్టు ఇక్కడ ఎవరూ చెప్పుకోకపోవడం ఆశ్చర్యం.

పదేళ్ళు దాటాక ఇంకో వాసన మొదలవుతుంది. దానికి రాన్సియో అని పేరు. కొవ్వు ఆమ్లాలు నెమ్మదిగా ఆక్సిజన్‌తో కలిసి మిథైల్ కీటోన్లుగా మారడం వల్ల వచ్చేది. అక్రోటు నూనె, పుట్టగొడుగు, బాగా పాతబడ్డ నెయ్యి. మొదటిసారి పీల్చినవాళ్ళకి పాడైపోయిందేమో అనిపించొచ్చు. అలవాటైనవాళ్ళు దాని కోసమే డబ్బు పెడతారు.

పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. కొన్యాక్‌లో అది దాదాపు రెండు శాతం. ఆ ఆవిరి మీద బతికే ఒక నల్లటి బూజు అక్కడి గోదాముల గోడలకీ పైకప్పులకీ పట్టి ఉంటుంది. బెంగుళూరు వేడికే విస్కీ పీపాల్లో ఏటా పది శాతం పైన పోతుంది. నెల్లూరు ఎండలకి ఇంకెంత పోతుందో ఊహించుకోవచ్చు. వేడి ప్రాంతంలో చెక్క సారం త్వరగా దిగుతుంది గానీ, రాన్సియోకి కావలసిన నెమ్మది దొరకదు. ఇరవై ఏళ్ళ బ్రాందీ ఇక్కడ పండించే వస్తువు కాదు.

గ్లాసు, ఎండ, కారం

పెద్ద బెలూన్ లాంటి గ్లాసుని అరచేతిలో పెట్టుకుని వేడి చేస్తూ తాగడం సినిమాల్లో బాగుంటుంది. రుచి చూడడానికి అది పనికిరాదు. వేడికి ఆల్కహాల్ ముందు లేచి ముక్కుని కాల్చేస్తుంది. కావలసింది చిన్న గ్లాసు. పొట్ట కాస్త వెడల్పుగా, మూతి సన్నగా ఉండాలి. స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ గ్లాసు వద్దు.

గది వేడి 20 డిగ్రీల పరిసరాల్లో ఉంటే మేలని పుస్తకాలు చెప్తాయి. మే నెల నెల్లూరులో నీడపట్టునే 40 దాటుతుంది. ఆ వేడిలో గ్లాసులోని బ్రాందీ వాసన చూస్తే ఆల్కహాల్ తప్ప ఏమీ అందదు, బ్రాందీని తిట్టుకోవడమే మిగులుతుంది. ఏసీ గదిలోనో, డిసెంబరు జనవరిల్లోనో, పొద్దున పదకొండు ప్రాంతాల్లో కడుపు మరీ ఖాళీగా, మరీ నిండుగా లేనప్పుడు చూడాలి. ఐసు వేస్తే వాసన ముడుచుకుపోతుంది. ఘాటు తగ్గించాలంటే మామూలు నీళ్ళు నాలుగైదు చుక్కలు చాలు.

కారం సంగతి ఇంకా ముఖ్యం. మిరపలోని కాప్సైసిన్ నోట్లో ఏ నరపు గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుందో, ఆల్కహాల్ కూడా ఆ గ్రాహకం మీదే పనిచేస్తుంది. మామూలుగా 42 డిగ్రీల వేడికి మేలుకునే ఆ గ్రాహకం ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే మేలుకుంటుందని పరిశోధనల్లో తేలింది. అంటే మన ఒంటి వేడే దానికి మంటగా తోస్తుంది. నెల్లూరు కారం దోసె తిన్న గంటకి కొన్యాక్ నోట్లో పోసుకుంటే రెండు మంటలు కలిసి ఇరవై ఏళ్ళ పీపాని మింగేస్తాయి. కారం తిన్న పూట రుచి చూడడం మానుకోవడం ఉత్తమం. చికెన్ పకోడీ కూడా అంతే. పక్కన ఏదైనా ఉండాలనుకుంటే ఉప్పు కారం లేని వేయించిన జీడిపప్పు, లేదా ఒంగోలు మైసూర్‌పాకు చిన్న ముక్క. వేగిన శనగపిండి, కాగిన నెయ్యి పాత బ్రాందీతో చక్కగా కలుస్తాయి. నెల్లూరు మలైకాజా ఎంత గొప్పదైనా దాని పాకం తీపికి బ్రాందీ పుల్లగా, ఎండిపోయినట్టు తోస్తుంది.

గ్లాసుని మొదట ఛాతీ ఎత్తులో పట్టుకుని పైకి తేలివచ్చే వాసన చూడాలి. తర్వాత గడ్డం దగ్గరికి, ఆ తర్వాతే ముక్కు దగ్గరికి. నోరు కొద్దిగా తెరిచి పీలిస్తే ఘాటు తగ్గుతుంది. గ్లాసుని గిరగిరా తిప్పడం వైన్‌కి సరే, బ్రాందీకి వద్దు. మొదటి గుక్క నోటిని సిద్ధం చేయడానికే, దాని మీద తీర్పు చెప్పకూడదు. రెండో గుక్కని నాలుక మీద కాసేపు నిలిపి, మింగాక ముక్కుతో గాలి వదిలితే లోపలి నుంచి వాసన తిరిగి వస్తుంది. అది ఎంతసేపు నిలుస్తుందో, ఏ వాసనతో ముగుస్తుందో చూడాలి. ఒక చుక్క అరచేతిలో వేసి రుద్ది, ఆల్కహాల్ ఆరిపోయాక పీల్చడం మరో పద్ధతి. చెక్క, పండు వాసనలు అప్పుడు విడిగా తెలుస్తాయి. అన్నిటికన్నా నిక్కచ్చి పరీక్ష ఖాళీ గ్లాసు. తాగేశాక కడగకుండా పక్కన పెట్టి మర్నాడు వాసన చూస్తే, మంచి కొన్యాక్ ఎండుఖర్జూరం, తేనె, చెక్కపెట్టె వాసనలతో ఇంకా పలుకుతుంది. కారమెల్ రంగు వేసిన స్పిరిట్ గ్లాసులో మిగిలేది జిగట ఒక్కటే.

వాసనలకి పేర్లు పెట్టేటప్పుడు ఫ్రెంచి జాబితాని అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఆప్రికాట్ ఎన్నడూ వాసన చూడని మనిషి ఆప్రికాట్ అని రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మగ్గిన సపోటా, తాటిబెల్లం, ఎండబెట్టిన నారింజ తొక్క, సంపెంగ, కొత్త గోనె, కాలిన కొబ్బరిచిప్ప, మాగిన పొగాకు. ఈ మాటలతో ఒక కొన్యాక్‌ని వర్ణిస్తే చదివేవాడి ముక్కుకి ఏదో అందుతుంది.

సీసా తెరిచాక నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే ఘాటు సారా కార్కుని తినేస్తుంది. సగం ఖాళీ అయ్యాక గాలి తగిలి వాసన చప్పబడుతుంది కాబట్టి కొద్ది నెలల్లో ముగించడం మంచిది. అమెరికా నుంచో దుబాయ్ నుంచో బంధువులు తెచ్చిన సీసాని ఏళ్ళ తరబడి షోకేసులో, అందులోనూ కిటికీ ఎండ తగిలేచోట ఉంచితే వయసు పెరగదు. పీపా బయట బ్రాందీకి వయసు లేదు.

రంగు లేని పండ్ల సారాలు

కొన్యాక్‌లో పండు, చెక్క, కాలం మూడూ కలిసి మాట్లాడతాయి. పండు ఒక్కటే మాట్లాడాలంటే పీపా ఎక్కని సారాల దగ్గరికి వెళ్ళాలి. జర్మనీ బ్లాక్ ఫారెస్ట్, ఫ్రాన్సు అల్సాస్ ప్రాంతాల కిర్ష్‌ని చెర్రీలతో చేస్తారు. గింజలతో సహా పులియబెడతారు కాబట్టి బాదం వాసన, అంటే బెంజాల్డిహైడ్, తోడవుతుంది. విలియమ్స్ పియర్ సారా వాసన పండుని మించి పండులా ఉంటుంది. పియర్‌కి దాని గుర్తింపునిచ్చే ఎస్టర్ బట్టీ దాటి చెక్కుచెదరకుండా వస్తుంది. సెర్బియా ప్లమ్ సారా ష్లివోవిత్సా తయారీని, దాని చుట్టూ ఉన్న ఆచారాలని 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. పెరూ పిస్కో ద్రాక్షదే అయినా చెక్క తగలనివ్వరు, బలం తగ్గించడానికి నీళ్ళు కూడా కలపరు. బట్టీ ఎక్కడ ఆపితే అదే బలం. నార్మండీ ఆపిల్ సారా కాల్వడోస్ మాత్రం కనీసం రెండేళ్ళు ఓక్‌లో ఉంటుంది, రెండు లోకాలకీ మధ్యన. రంగులేని సారాలని కొద్దిగా చల్లగా, 15 నుంచి 18 డిగ్రీల దగ్గర చూడాలి. ఫ్రిజ్‌లో పెట్టి మరీ చల్లబరిస్తే పెట్టిన ఖర్చంతా వృథా.

లీటరు కిర్ష్‌కి పది కిలోల దాకా చెర్రీలు పడతాయి. ధర చూసి బెదిరేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. చక్కెర తక్కువున్న రాస్ప్‌బెర్రీ లాంటి పండ్లని పులియబెడితే గిట్టదు. వాటిని న్యూట్రల్ స్పిరిట్‌లో నానబెట్టి, ఆ నానబెట్టినదాన్ని మళ్ళీ బట్టీలో దించుతారు. జర్మన్లు దాన్ని గైస్ట్ అంటారు.

మన దేశంలో ఈ దారిలో నిలదొక్కుకున్నది గోవా జీడిమామిడి ఫెనీ. పండ్లని తొక్కి తీసిన రసాన్ని పులియబెట్టి కాస్తే ముందు ఉర్రాక్, మళ్ళీ కాస్తే ఫెనీ. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మన తీరపు ఇసుక నేలల్లోనూ జీడిమామిడి తోటలున్నాయి. గింజకి ఉన్న విలువ పండుకి లేదు. ఇక్కడ ఎవరైనా పండ్ల సారా చేయాలంటే 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. ఇంట్లో బట్టీ పెట్టడం నేరం, ప్రాణాపాయం కూడా.

లైసెన్సు ఉన్న బట్టీకి ఈ నేల ఇవ్వగల పండ్ల గురించి మాత్రం గట్టిగా ఆలోచించాలి. గూడూరు, పొదలకూరు మార్కెట్లకి వచ్చే నిమ్మలో చక్కెర చాలా తక్కువ, పులియబెట్టి లాభం లేదు. దాని సంపదంతా తొక్కలోని నూనె. గైస్ట్ పద్ధతిలో తొక్కని స్పిరిట్‌లో నానబెట్టి దించితే చేదు బట్టీలోనే ఉండిపోతుంది, వాసన పైకొస్తుంది. మడ్డి నుంచి వచ్చిన న్యూట్రల్ స్పిరిట్‌కి బ్రాందీ వేషం వేయడం కన్నా ఇది మర్యాదైన పని.

ఉలవపాడు మామిడి లెక్క వేరు. వంద కిలోల పండులో తొక్క, టెంక పోగా అరవై కిలోల పైన గుజ్జు, అందులో 15 శాతం చక్కెర అనుకుంటే తొమ్మిది కిలోలు చిల్లర. ఆచరణలో కిలో చక్కెరకి అర లీటరుకి కాస్త పైన ఆల్కహాల్ వస్తుంది. 42.8 శాతం బలానికి తెస్తే 12 లీటర్ల చుట్టుపక్కల, తలా తోకా తీసేస్తే పది. అంటే లీటరుకి పది కిలోల పండు, కిర్ష్‌తో సమానం. ధర పడిపోయిన ఏడాది రైతుకి ఇదొక దారి కాగలదు. బజారులో బంగినపల్లికి ఎంత పేరున్నా బట్టీకి రసాలే మేలు. గుజ్జు పల్చగా ఉండి సమంగా పులుస్తుంది, వాసన ముదురుగా ఉంటుంది. మామిడి వాసన తెచ్చే టెర్పీన్లలో తేలికైనవి ముందే దిగిపోతాయి కాబట్టి తలని మరీ ఎక్కువగా కోస్తే మామిడి పోతుంది, తక్కువ కోస్తే గోళ్ళరంగు మిగులుతుంది. తొడిమ దగ్గరి సొన గుజ్జులో కలిస్తే టర్పెంటైన్ వాసన తెస్తుంది. కాయ కోసిన వెంటనే తొడిమ కిందికి పెట్టి సొనంతా కారనిచ్చాకే పండేయాలి.